హైబ్రిడ్ కారు కొంటే లాభమేనా?

హైబ్రిడ్ అనే మాట గోదావరి డెల్టాకు కొత్తది కాదు. రామచంద్రపురంలో విత్తనాల దుకాణానికి వెళ్లి అడిగితే హైబ్రిడ్ విత్తనాల పొట్లాలు చూపిస్తారు. రెండు వేర్వేరు రకాల మొక్కలను సంకరం చేసి, రెండింటిలోని మంచి గుణాలను ఒకే మొక్కలోకి తెచ్చే ప్రయత్నమే హైబ్రిడ్ విత్తనం. మామూలు విత్తనం కంటే దాని ధర ఎక్కువ. అందువల్ల రైతు పేరు చూసి కొనడు. "దిగుబడి ఎంత పెరుగుతుంది? అలా పెరిగిన దానితో విత్తనానికి పెట్టిన అదనపు డబ్బు తిరిగి వస్తుందా? నా చేనుకు ఇది సరిపడుతుందా?" అని లెక్క చూసుకొని మరీ కొంటాడు.

ఇప్పుడు కార్లలో కూడా హైబ్రిడ్ కార్లు వచ్చాయి. వీటిలో పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ ఉంటాయి. పెట్రోలు తక్కువ తాగుతాయి. కాని ధర ఎక్కువ. మరి కొనవచ్చా? రైతు వేసుకొనే ఆ మూడు ప్రశ్నలే మనమూ వేసుకోవాలి.

రామచంద్రపురంలో రెండు కుటుంబాలు ఉన్నాయనుకోండి. ఒకటి ఉపాధ్యాయుల కుటుంబం. వారికి కారు ఆదివారాలు కాకినాడ వెళ్లి రావడానికి, పండుగలకు ద్రాక్షారామం గుడికి వెళ్లడానికి కావాలి. రెండో కుటుంబంలో తండ్రి కిరాయికి కారు నడుపుతాడు. కారే ఆ ఇంటికి అన్నం పెడుతుంది. బ్యాంకులో అప్పు తీసుకొని కొత్త కారు కొనాలనుకుంటున్నాడు. లెక్క తప్పితే ఉపాధ్యాయుల ఇంట్లో కొంత డబ్బు వృథా అవుతుంది, అంతే. కిరాయి కారు ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి వాయిదాలు మెడకు చుట్టుకుంటాయి. కాబట్టి జాగ్రత్తగా లెక్క వేద్దాం. ముందుగా ఈ కారు పెట్రోలును ఎలా ఆదా చేస్తుందో తెలియాలి.

పెట్రోలు ఎటు పోతోంది?

ఒక లీటరు పెట్రోలును పూర్తిగా మండిస్తే సుమారు 3 కోట్ల 30 లక్షల జౌళ్ల శక్తి వస్తుంది. మామూలు కారు ఊళ్లో తిరిగేటప్పుడు ఇందులో సుమారు నాలుగో వంతు మాత్రమే చక్రాలను తిప్పడానికి పనికివస్తుంది. మిగిలినదంతా వేడిగా మారి రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా గాలిలో కలిసిపోతుంది. ఇది ఇంజను తయారుచేసినవారి తెలివితక్కువతనం కాదు. ఉష్ణాన్ని పనిగా మార్చే ఏ యంత్రమైనా ఆ ఉష్ణాన్నంతా పనిగా మార్చలేదని ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో 1824లోనే వివరించాడు.

అంటే లీటరు పెట్రోలు నుండి చక్రాలకు అందేది సుమారు 82 లక్షల జౌళ్లు. కష్టపడి సంపాదించిన ఈ శక్తినైనా మనం జాగ్రత్తగా వాడుకుంటున్నామా?

మనుషులతో కలిపి కారు ద్రవ్యరాశి 1200 కిలోలు అనుకుందాం. అది గంటకు 54 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతోంది. దాని గతిజశక్తి ఎంత? ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి రెండుతో భాగించాలని మీకు తెలుసు. 1200ను 225తో గుణించి సగం చేస్తే 1,35,000 జౌళ్లు వస్తుంది. ఇంతలో ఎదురుగా ఒక గేదె రోడ్డు మీదికి వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు, కారు ఆగింది. ఆ 1,35,000 జౌళ్లు ఏమయ్యాయి?

శక్తికి నాశనం లేదు గదా! అది బ్రేకుల రాపిడిలో వేడిగా మారింది. సైకిలును వేగంగా తొక్కి గట్టిగా బ్రేకు పట్టి ఆపి, బ్రేకు రబ్బరును వేలితో తాకితే వెచ్చగా తగులుతుంది. కారు బ్రేకులో జరిగేదీ అదే. గేదె వెళ్లిపోయాక కారు మళ్లీ మునుపటి వేగం అందుకోవాలంటే మళ్లీ 1,35,000 జౌళ్లు కావాలి. 82 లక్షలను 1,35,000తో భాగించి చూడండి. సుమారు 60 వస్తుంది. అంటే ఇలా 60 సార్లు ఆగి బయలుదేరితే ఒక లీటరు పెట్రోలు కేవలం బ్రేకులు వేడెక్కడానికే ఖర్చయిందన్న మాట!

డైనమో చెప్పే రహస్యం

ఇంట్లో తాతగారి పాత సైకిలు ఉంటే దాని డైనమోను చక్రానికి ఆనించి తొక్కి చూడండి. దీపం వెలుగుతుంది. కాని సైకిలు బరువెక్కినట్లుంటుంది. తొక్కడం ఆపేస్తే డైనమో లేనప్పటి కంటే తొందరగా ఆగిపోతుంది. ఎందుకంటే చక్రం గతిజశక్తిలో కొంత భాగం విద్యుత్తుగా మారుతోంది. అంటే డైనమో కూడా ఒక రకం బ్రేకే! తేడా ఏమిటంటే, రబ్బరు బ్రేకు శక్తిని వేడిగా పారబోస్తుంది, డైనమో దానిని విద్యుత్తుగా మార్చి చేతికిస్తుంది.

హైబ్రిడ్ కారులోని కీలకం ఇదే. విద్యుత్తు ఇస్తే మోటారు తిరుగుతుంది. అదే మోటారును బయటి నుండి తిప్పితే విద్యుత్తు పుడుతుంది. డ్రైవరు బ్రేకు నొక్కగానే చక్రాలు మోటారును తిప్పుతాయి, మోటారు జనరేటరుగా మారుతుంది, పుట్టిన విద్యుత్తు బ్యాటరీలో చేరుతుంది. కారు మళ్లీ బయలుదేరేటప్పుడు ఆ విద్యుత్తే దానిని ముందుకు తోస్తుంది.

మరి మొత్తం శక్తి తిరిగి వస్తుందా? రాదు. చక్రం నుండి జనరేటరుకు, అక్కడి నుండి బ్యాటరీకి, బ్యాటరీ నుండి మోటారుకు, మోటారు నుండి మళ్లీ చక్రానికి శక్తి నాలుగు మజిలీలు చేయాలి. ప్రతి మజిలీలోనూ పదో వంతు పోతుందనుకోండి. నూరు 90 అవుతుంది, ఆ 90 కాస్తా 81, తరువాత 73, చివరకు సుమారు 66. పైగా అకస్మాత్తుగా గట్టిగా బ్రేకు వేస్తే మామూలు బ్రేకులు కూడా పనిచేయక తప్పదు. కాబట్టి సుమారుగా సగం శక్తి తిరిగి దక్కుతుందనుకోవచ్చు. సగమైనా తక్కువేమీ కాదు!

ఇంజనుకు విశ్రాంతి

రెండో ఆదా ఇంకొక చోట ఉంది. రైలు గేటు దగ్గర మామూలు కారు ఇంజను ఆపకుండా నిలబడిందంటే, వడ్లు పోయకుండా మిల్లు తిప్పినట్లే. పెట్రోలు ఖర్చవుతుంది, ప్రయాణం సున్న. బజారులో తాబేలు నడకన పోయేటప్పుడు కూడా ఇంజను దక్షత చాలా తక్కువ. హైబ్రిడ్ కారు ఇలాంటి చోట్ల ఇంజనును తనంతట తానే ఆపేసి మోటారుతో నడుస్తుంది. బండిని కదిలించేటప్పుడే ఎక్కువ బలం కావాలని మీకు తెలుసు. నిలబడ్డ చోటు నుండే పూర్తి బలం చూపగలగడం విద్యుత్ మోటారు ప్రత్యేకత.

మూడో ఆదా ఇంజనులోనే ఉంది. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ అట్కిన్సన్ 1882లో ఒక కొత్త రకం ఇంజనుకు పేటెంటు పొందాడు. ఇందులో వాయువు సంపీడనం చెందే దూరం కంటే వ్యాకోచించే దూరం ఎక్కువ. చెరకు గడను గానుగలో ఒకసారి పెట్టి పారేయకుండా, మళ్లీ పెట్టి మిగిలిన రసం కూడా పిండినట్లు, వేడి వాయువు నుండి మరికొంత పని రాబట్టడమన్న మాట. అయితే ఇలాంటి ఇంజనుకు బలం తక్కువ. ఆ లోటును మోటారు తీరుస్తుంది. అందుకే ఈ సూత్రం హైబ్రిడ్ కార్లకు చక్కగా కుదిరింది. మంచి హైబ్రిడ్ ఇంజన్ల దక్షత అనుకూలమైన వేగంలో సుమారు 40 శాతం వరకు ఉంటుంది.

పాత ఆలోచనే!

ఇదంతా నిన్న మొన్నటి ఆలోచన అనుకోకండి. ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు వియన్నాలోని లోనర్ సంస్థలో పనిచేస్తూ 1900లోనే ఇలాంటి బండిని తయారుచేశాడు. అందులో పెట్రోలు ఇంజను జనరేటరును తిప్పితే, ఆ విద్యుత్తుతో చక్రాలలోని మోటార్లు తిరిగేవి. మన డీజిల్ రైలింజన్లలో కూడా డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా తిప్పదు. అది జనరేటరును తిప్పుతుంది, చక్రాలను మోటార్లు తిప్పుతాయి. ఇక రాజమండ్రి మీదుగా పోయే రైళ్లను లాగే కొత్త తరం విద్యుత్ ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు పుట్టిన విద్యుత్తును పైనున్న తీగలకే తిరిగి పంపుతాయి.

పెద్ద ఎత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు టయోటా ప్రియస్. ఇది 1997 డిసెంబరులో జపానులో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 2008లో హోండా సంస్థ సివిక్ హైబ్రిడ్‌ను ప్రవేశపెట్టింది. 2022లో హోండా సిటీ, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా కార్లు హైబ్రిడ్ రకాలలో విడుదల కావడంతో మధ్యతరగతివారు కూడా వీటి గురించి ఆలోచించడం మొదలుపెట్టారు.

కారు మీద హైబ్రిడ్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజనుకు చేయందిస్తుంది గాని, ఒంటరిగా కారును నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు కొంత దూరం ఒంటరిగానే నడపగలదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ పెద్దది, దానిని ఇంటి దగ్గర కరెంటుతో కూడా నింపుకోవచ్చు. 2022లో విడుదలైన గ్రాండ్ విటారాకు ప్రభుత్వ పద్ధతి ప్రకారం జరిపిన పరీక్షలో మైల్డ్ రకం లీటరుకు 21.11 కి.మీ., స్ట్రాంగ్ రకం 27.97 కి.మీ. ఇచ్చాయి. ఇవి ప్రయోగశాల అంకెలు. రోడ్డు మీద ఇంతకంటే తక్కువే వస్తుంది. పైగా మన పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు. 2025లో ఇది 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే. అందువల్ల కూడా మైలేజి కొంత తగ్గుతుంది.

మైలేజి మాయ

లెక్కలోకి దిగే ముందు ఒక చిన్న ప్రశ్న. ఒకరు లీటరుకు 10 కి.మీ. ఇచ్చే కారు అమ్మి 12 కి.మీ. ఇచ్చేది కొన్నారు. మరొకరు 20 కి.మీ. ఇచ్చేది అమ్మి 30 కి.మీ. ఇచ్చేది కొన్నారు. ఎవరికి ఎక్కువ పెట్రోలు మిగిలింది?

రెండోవారికే అని తొందరపడి చెప్పకండి. ఇద్దరూ 1200 కి.మీ. ప్రయాణం చేశారనుకోండి. మొదటివారికి ఇంతకుముందు 120 లీటర్లు పట్టేది, ఇప్పుడు 100 పడుతుంది. రెండోవారికి 60 పట్టేది, ఇప్పుడు 40 చాలు. ఇద్దరికీ మిగిలింది 20 లీటర్లే! కాబట్టి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా, ఇంత దూరానికి ఎన్ని లీటర్లు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఇక లెక్క

పెట్రోలు కారు కంటే హైబ్రిడ్ కారు 2,50,000 రూపాయలు ఎక్కువ అనుకుందాం. ఊళ్లలో ఆగుతూ సాగుతూ తిరిగితే పెట్రోలు కారు లీటరుకు 16 కి.మీ., హైబ్రిడ్ 24 కి.మీ. ఇస్తాయనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. ధరలు మారితే మీరే అంకెలు మార్చి మళ్లీ లెక్క వేసుకోవచ్చు. పద్ధతి మాత్రం మారదు.

48 కి.మీ. పోవడానికి మొదటి కారుకు 3 లీటర్లు, రెండోదానికి 2 లీటర్లు పడుతుంది. అంటే ప్రతి 48 కి.మీ.కు ఒక లీటరు, 110 రూపాయలు ఆదా. 2,50,000 రూపాయలు రాబట్టాలంటే సుమారు 2,270 లీటర్లు ఆదా కావాలి. దానికి సుమారు 1,09,000 కి.మీ. తిరగాలి.

ఉపాధ్యాయుల కుటుంబం నెలకు 500 కి.మీ., ఏడాదికి 6,000 కి.మీ. తిరుగుతుంది. ఆ దూరం తిరగడానికి వారికి 18 ఏళ్లు పడుతుంది! అంతేకాదు. ఆ 2,50,000 రూపాయలను బ్యాంకులో 7 శాతం వడ్డీకి వేసుకుంటే ఏడాదికి 17,500 రూపాయలు వస్తుంది. పెట్రోలులో ఆదా అయ్యేది 125 లీటర్లు, అంటే 13,750 రూపాయలు. వడ్డీ పాటి కూడా రాలేదు కదూ! ఇలాంటప్పుడు అసలు ఎన్నటికీ తీరదు. డబ్బు కోసమే అయితే ఈ కుటుంబానికి హైబ్రిడ్ కారు అనవసరం.

ఇక కిరాయి కారు సంగతి చూద్దాం. నెలకు 3,000 కి.మీ., ఏడాదికి 36,000 కి.మీ. ఆదా అయ్యేది 750 లీటర్లు, అంటే 82,500 రూపాయలు. అదనపు ధరపై 7 శాతం వడ్డీ వేసి, ఏటా ఈ ఆదాను తీసేస్తూ పోతే, మొదటి ఏడాది చివర 1,85,000, రెండో ఏడాది చివర సుమారు 1,15,000, మూడో ఏడాది చివర సుమారు 41,000 రూపాయలు మిగులుతుంది. నాలుగో ఏడాది సగం దాటేసరికి మొత్తం తీరిపోతుంది. ఆ తరువాత మిగిలేదంతా లాభమే. అప్పు మీద బ్యాంకు ఇంకా ఎక్కువ వడ్డీ తీసుకుంటే మరికొన్ని నెలలు పడుతుంది.

ఏ దారిలో తిరుగుతారు?

కాని ఇక్కడే ఒక మెలిక ఉంది. పై లెక్కలో కారు ఊళ్లలో ఆగుతూ సాగుతూ తిరుగుతుందనుకున్నాం. అదే కారు రోజూ జాతీయ రహదారి మీద విశాఖపట్నానికో విజయవాడకో ఒకే వేగంతో పోతే? బ్రేకు వేసేదే తక్కువ. బ్రేకు వేయకపోతే తిరిగి వచ్చే శక్తీ ఉండదు. పైగా ఒకే వేగంతో పోయేటప్పుడు పెట్రోలు కారు కూడా పొదుపుగానే నడుస్తుంది. అక్కడ పెట్రోలు కారు 20 కి.మీ., హైబ్రిడ్ 24 కి.మీ. ఇస్తాయనుకోండి. 120 కి.మీ.కు 6 లీటర్లు, 5 లీటర్లు. ఒక లీటరు ఆదా కావడానికి ఇప్పుడు 48 కాదు, 120 కి.మీ. తిరగాలి! ఏడాదికి ఆదా 300 లీటర్లు, అంటే 33,000 రూపాయలే. వడ్డీతో కలిపి లెక్క వేస్తే అసలు తీరడానికి పదకొండేళ్లు దాటుతుంది. మనిషి అదే, కారు అదే, తిరిగిన దూరం అదే. దారి మారేసరికి లాభం కాస్తా నష్టమైంది.

మన డెల్టా బల్లపరుపు నేల. ఘాట్ రోడ్డులో కారు దిగేటప్పుడు స్థితిజశక్తి విద్యుత్తుగా మారి బ్యాటరీలో చేరుతుంది. ఆ లాభం ఇక్కడ లేదు. ఘాట్ రోడ్డులోనైనా దానికొక హద్దుంది. తిరుమల నుండి తిరుపతికి సుమారు 700 మీటర్లు దిగాలి. 1200 కిలోల కారుకు అది సుమారు 84 లక్షల జౌళ్లు, అంటే రెండు యూనిట్ల కరెంటు కంటే కొంచెం ఎక్కువ. చాలా స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్ల బ్యాటరీలో ఒక యూనిట్ కూడా పట్టదు. చిన్న చెరువుకు వరద వచ్చినట్లు, కొండ పూర్తిగా దిగకముందే బ్యాటరీ నిండిపోవచ్చు.

అయితే డెల్టాలో ఆగడాలకు కొదవ లేదు. కాలువ గట్ల వెంబడి ఇరుకు రోడ్లు, వరుసగా ఊళ్లు, ప్రతి ఊళ్లో స్పీడు బ్రేకర్లు, దాళ్వా కోతల కాలంలో ధాన్యం బస్తాల ట్రాక్టర్లు. ఇక్కడ తిరిగే కిరాయి కారుకు హైబ్రిడ్ నప్పడానికి కారణం ఈ ఆగడాలే.

రూపాయలకు అందనివి

బ్యాటరీ పాడైతే? ఇది మంచి ప్రశ్న. టయోటా సంస్థ మన దేశంలో తన హైబ్రిడ్ బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ., ఏది ముందైతే అంతవరకు హామీ ఇచ్చింది. మన కిరాయి కారు సుమారు 1,27,000 కి.మీ. దగ్గర అసలు రాబట్టుకుంటుంది. అంటే హామీ తీరకముందే గట్టెక్కుతుంది. కొనేవారు ఈ రెండు అంకెలను తప్పక పోల్చి చూసుకోవాలి.

పన్నుల వల్ల కూడా లెక్క మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన జి.ఎస్.టి. మార్పుల ప్రకారం చిన్న హైబ్రిడ్ కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం, పూర్తి విద్యుత్ కార్లకు 5 శాతం పన్ను. కాబట్టి హైబ్రిడ్‌ను పెట్రోలు కారుతోనే గాక, విద్యుత్ కారుతో కూడా పోల్చాలి. ఇంటి దగ్గర చార్జింగు వీలుందా, రోజుకు ఎంత దూరం తిరుగుతారు అన్నవి అక్కడ ముఖ్యమైన ప్రశ్నలు.

ఇక గాలి సంగతి. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో మాత్రమే. కాని అది మండితే సుమారు 2 కిలోల 300 గ్రాముల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది! పెట్రోలులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల బరువు పెరుగుతుంది. కిరాయి కారు ఏడాదికి 750 లీటర్లు ఆదా చేస్తే సుమారు 1,700 కిలోల వాయువు తగ్గినట్లు. ఉపాధ్యాయుల కారుకైతే 290 కిలోలలోపే. ఎక్కువ తిరిగే కారు మారితేనే గాలికీ ఎక్కువ మేలు. తక్కువ తిరిగేవారు ఆదివారం ప్రయాణాల్లో కొన్నింటిని బస్సులో చేస్తే, అదనంగా ఒక్క రూపాయి పెట్టకుండానే అంత మేలూ చేయవచ్చు.

మీరే చేసి చూడండి

ఈసారి రామచంద్రపురం నుండి కాకినాడకో రాజమండ్రికో బస్సులో వెళ్లేటప్పుడు ఒక కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకోండి. బస్సు పూర్తిగా ఆగిన ప్రతిసారీ ఒక గీత గీయండి. ఆగకుండా బాగా నెమ్మదించిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టండి. దిగాక లెక్క పెట్టండి. మీ దారి హైబ్రిడ్‌కు అనుకూలమైనదో కాదో ఆ గీతలూ చుక్కలూ చెబుతాయి.

తరువాత ఈ లెక్క చేయండి. హైబ్రిడ్ అదనపు ధర 2,50,000 నుండి 1,00,000 రూపాయలకు తగ్గిందనుకోండి. మిగతా అంకెలు అవే. వడ్డీ కూడా కలుపుకొని చూస్తే ఉపాధ్యాయుల కుటుంబానికి ఇప్పుడు హైబ్రిడ్ గిట్టుతుందా? ఏడాదికి వచ్చే వడ్డీని, పెట్రోలు ఆదాను ముందుగా పక్కపక్కన రాసుకోండి. దారి దానంతట అదే కనిపిస్తుంది.